రెండు చప్పట్లు

వేలూరు
విరోధికృతు సంవత్సరం, ఆశ్వయుజ మాసం

పూజ్యులైన బావగారు సుబ్బరాయులు గారికి,

మీ బావమరిది చెంగల్రాయుడు నమస్కరించి రాసుకునేది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కకు మోకాలి నొప్పి తగ్గిందో లేదో తెలియజేయండి.

మీరు అడిగిన మాటకు ఇన్నాళ్లూ జవాబు రాయలేదని నా మీద కోపంగా ఉన్నారని తెలుసు. మా అమరావతిని మీ తిరువేంగడానికి ఇవ్వాలన్నది అది పుట్టిన రోజున అక్క ఒళ్లో పెట్టి అనుకున్న మాట. అప్పుడు కాదనలేదు, ఇప్పుడూ కాదనను. కానీ బావా, ఇక్కడ నా అవస్థ మీకు తెలియదు. వకీలు దొరైస్వామి గారి దగ్గర గుమాస్తాగా చేరిన తర్వాత పెద్దల మధ్య కూర్చోవలసి వస్తోంది. మా అత్తవారు శివప్రకాశం అనే పిల్లవాణ్ణి తెచ్చి చూపిస్తున్నారు. మెట్రిక్యులేషను చదువుతున్నాడు, కాలికి బూట్లు తొడుగుతాడు. మా ఆవిడ పొద్దున లేస్తే ఒకటే పాట, "మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకొని కూచునేవానికా మన బిడ్డ?" అని. నేనూ ఆ గుంతలోంచి లేచి వచ్చినవాణ్ణే అని ఆవిడకు గుర్తు చేయడం నాకే ఇష్టం లేదు.

ఇప్పుడు ఒక దారి దొరికింది. ఢిల్లీలో చక్రవర్తి దర్బారు జరిగే రోజు ఊరంతటికీ సెలవు. మా కోట మైదానంలో ఆటలు పెడుతున్నారు. అందులో పరుగుపందెం ఒకటి ఉంది, ఎవరైనా పరిగెత్తవచ్చు. మైదానం చుట్టూ తిరిగి వచ్చేచోట, పెద్దలు కూర్చునే పందిరి ముందు, అడ్డంగా ఒక తెల్ల దారం కడతారట. దాన్ని రొమ్ముతో తెంచుకుని ముందు పోయినవాడు గెలిచినట్టు. గెలిచినవాణ్ణి పందిట్లోకి పిలిచి పెద్దలు దండ వేస్తారు. మన తిరువేంగడం పరుగు నాకు తెలుసు. వాడు గెలిస్తే ఆ పందిట్లోనే, మా అత్తవారి ఎదుటనే, "వీడు నా మేనల్లుడు, కాబోయే అల్లుడు" అని చెబుతాను. తర్వాత ఎవరి నోరు లేస్తుందో చూద్దాం. ఇది నా మాట.

వాణ్ణి సిద్ధం చేయండి.

మీ విధేయుడు
చెంగల్రాయుడు


గుడియాత్తం
కార్తీక మాసం

చిరంజీవి బావమరిది చెంగల్రాయుడికి,

ఆశీస్సులు. ఓరి గుమాస్తా దొరా, చివరికి నీ చేతి రాత చూశాం! మీ అక్క కుప్పమ్మ జాబును కళ్లకద్దుకుంది. అందులో తన మోకాలి సంగతి అడిగావని రెండోసారి చదివించుకుంది. నొప్పి అలాగే ఉంది, నోరు మాత్రం బాగానే ఉంది.

పిల్లనివ్వడానికి పరుగుపందెమా అని మొదట నాకు కోపం నెత్తికెక్కింది. ఇచ్చిన మాటకు మళ్లీ పరీక్ష ఏమిటి? కానీ తిరువేంగడమే నన్ను ఆపాడు. "మామ ఇంట్లో మామ మాట చెల్లాల గదా నాయనా. నేను పరిగెత్తతాను," అన్నాడు. వాడికి అమరావతి మీద ఎంత ఆశ ఉందో నోటితో చెప్పడు. మొన్న దానికోసం నేసిన చీర అంచు చూస్తే తెలుస్తుంది. ఆ చీర ఇంకా మగ్గం మీదే ఉంది, కోయనివ్వడం లేదు.

పరుగు గురించి నువ్వు దిగులు పడకు. తెల్లవారుజామున వీధి పొడవునా పడుగు పోగులు సాగదీసి గంజి పట్టించేటప్పుడు, గంజి ఆరేలోగా కుంచె పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు పరుగు తీయాలి కదా. నీకు చెప్పాలా, నువ్వూ తీసిన పరుగే. మన వీధిలో వాడి వెంట కుంచె పట్టగలిగినవాడు లేడు.

చిక్కల్లా నువ్వు రాసిన ఆ దారంతోనే వచ్చింది. పోగు తెగితే వీపు మీద దెబ్బ పడే ఇంట్లో పుట్టినవాణ్ణి, దారాన్ని రొమ్ముతో తెంచుకుని పొమ్మంటే ఎలా పోతాడు? వీధికి అడ్డంగా ఒకటి కట్టి పరిగెత్తించాం. మొదటి రోజు వంగి దాని కిందనుంచి దూరాడు. మరునాడు ఎగిరి దూకాడు. ఆ తర్వాతి రోజు వచ్చి, నిలబడి, ముడి విప్పి, దారి చేసుకుని నడిచిపోయాడు. వీధంతా కడుపు పట్టుకుని నవ్వింది. చివరికి మీ అక్క వచ్చి, "ఇది పడుగు గాదురా, సుమ్మా ఉత్తినే కట్టిన దారం, తెంచు!" అని తానే తెంచి చూపించింది. అప్పుడు తెంచాడు. తెంచాక రెండు కొసలూ ఏరి ముడి వేయబోయాడనుకో, అది వేరే సంగతి.

ఇప్పుడు బాగానే తెంచుతున్నాడు.

నీ బావ
సుబ్బరాయులు


వేలూరు
కార్తీక మాసం

పూజ్యులైన బావగారికి,

మీ జాబు చదివి చాలాసేపు నవ్వుకున్నాను. అమరావతి తలుపు వెనక నిలబడి వింటోందని తర్వాత తెలిసింది. ముడి విప్పి నడిచిపోయిన చోట అది కూడా నవ్వింది.

కొన్ని సంగతులు చెప్పాలి, మనసులో పెట్టుకోకండి. ఆ రోజు మైదానానికి దొరలు, దొరసానులు, వకీళ్లు, సర్కారు ఉద్యోగస్తులు వస్తారు. మనవాళ్లు జాతరకు వచ్చినట్టు పంబలు మోగించుకుంటూ రాకూడదు. ఈలలు వేయకూడదు. "డోయ్ తిరువేంగడం, పోనీరా!" అని కేకలు పెట్టకూడదు. వక్క నమిలి పక్కన ఉమ్మకూడదు. ఇక్కడ పెద్దమనుషులు ఎవరినైనా మెచ్చుకోవాలంటే చేతులు చరుస్తారు, అంతే. మీరంతా అలాగే చప్పట్లు కొట్టండి. చూసేవాళ్లకు గౌరవంగా ఉంటుంది.

మరొక మాట. నేను పందిట్లో వకీలు గారి వెనుక కూర్చోవాలి. దానికి ఎదురుగా మైదానం అవతలి వైపు తాళ్లు కట్టి జనానికి చోటు చేస్తారు. పందెం అయ్యేదాకా మీరు అక్కడే ఉంటే మంచిది. గెలిచాక నేనే వచ్చి మిమ్మల్ని పందిట్లోకి తీసుకువెళతాను.

నేను చెప్పినవి తప్పుగా తోస్తే మన్నించండి.

చెంగల్రాయుడు


గుడియాత్తం
మార్గశిర మాసం

చిరంజీవి చెంగల్రాయుడికి,

తప్పుగా తోచింది, మన్నించాను. మీ అక్క మాత్రం ఇంకా మన్నించలేదు. "వాడు చంటోడప్పుడు ముక్కు తుడిచింది నేను. నాకు ఉమ్మొద్దని చెప్తాడా?" అంటోంది.

సరే, పంబ తేము. ఈలలు వేసే చిన్నాన్నను ఇంట్లోనే వదిలి వస్తాం, ఆయన అలిగి అన్నం మానేశాడు. కానీ చప్పట్లా! ఒరే రాయుడూ, మన వీధిలో చప్పట్లంటే ఏమిటో అంతా మరిచిపోయావా? పడుగు సాగి ఉన్నప్పుడు ఎక్కడైనా పోగు తెగితే, చూసినవాడు అరవడు. అరుపు బండ్ల చప్పుడులో, కూరగాయలమ్మే అరవ ఆడవాళ్ల కేకల్లో కలిసిపోతుంది. అరచేతులు గుల్ల చేసి రెండే రెండు కొడతాడు. ఆ చప్పుడు చెవిన పడితే కుంచె పట్టినవాడు ఎత్తిన కాలు కింద పెట్టడు. ఇంకొక్క అడుగు వేస్తే తెగిన పోగు పక్క పోగులను లాక్కుని, నాలుగు ఇళ్లవాళ్ల కష్టం చిక్కుపడుతుంది. ఆ చప్పట్లకు ఆగనివాడికి మన వీధిలో పిల్లనిచ్చేవాడు లేడు. నీకు మీ నాయన ఆ చప్పట్లు నేర్పింది మా అరుగు మీదే.

మీ ఊరి చప్పట్లు వేరని కాట్పాడి వెళ్లి వచ్చినవాళ్లు చెప్పారు. చేతులు చాపి, ఎడాపెడా, ఆగకుండా కొడతారట. మేం సాయంత్రాలు అందరం కూర్చుని అలా కొట్టడం నేర్చుకున్నాం. తిరువేంగడాన్ని పరిగెత్తించి వాడి చెవి పక్కనే కొట్టాం. మొదట్లో ఉలిక్కిపడి ఆగాడు. ఇప్పుడు పెంకుల మీద వాన పడ్డట్టు వదిలేసి పోతున్నాడు. మేమిక్కడ ఇంత పెద్దమనుషులం అయిపోయాం.

పందెం రోజు పొద్దున బండిలో స్టేషనుకు వచ్చి కాట్పాడి మీదుగా వస్తాం. వీధిలో సగం మంది వస్తున్నారు. నువ్వు చెప్పినట్టే అవతలి వైపు నిలబడతాం. మీ అక్క తమ్ముడి ఇంట్లో భోజనం చేయాలని ఆశపడుతోంది. నువ్వు పిలవలేదు కాబట్టి నేనేమీ అనలేదు.

సుబ్బరాయులు


వేలూరు
మార్గశిర మాసం

బావగారికి,

పందెం రోజు మిమ్మల్ని కలవడానికి రాలేకపోయాను. వకీలు గారు వదిలిపెట్టలేదు. మీరు ఏ రైలుకు వెళ్లారో కూడా తెలియలేదు.

జరిగినది తలుచుకుంటే నాకు రాత ముందుకు సాగడం లేదు. మలుపు తిరిగేసరికి తిరువేంగడం అందరికన్నా ముందున్నాడు. వెనకాల వస్తున్న పోలీసు జవానుకూ వాడికీ మధ్య బండి పట్టేంత ఎడం ఉంది. దారం వాడికి చేతికందే దూరంలో ఉంది. అప్పుడు ఆగిపోయాడు! ఒక కాలు పైకి ఎత్తి, రెండు చేతులూ పక్కలకు చాపి, కొయ్యలా నిలబడిపోయాడు. జవాను పక్కనుంచి వచ్చి దారం తెంచుకుని పోయాడు. మరో ఇద్దరు పోయారు. వాడు అప్పటికీ కాలు దించలేదు. మైదానమంతా నవ్వింది బావా. పందిట్లో దొరసానులు చేతిరుమాళ్లు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

నేను అంతగా రాశాను. చేతులు చాపి కొట్టడం నేర్చుకున్నామని మీరూ రాశారు. అయినా మనవాళ్లలో ఎవరో అలవాటు కొద్దీ వీధి చప్పట్లు కొట్టి ఉండాలి. లేకపోతే వాడు అలా ఎందుకు ఆగుతాడు?

మా ఆవిడ, మా అత్తవారు ఏమన్నారో నేను రాయను. పెళ్లి మాట ఇప్పుడు ఎత్తే దారి నాకు కనిపించడం లేదు.

చెంగల్రాయుడు


గుడియాత్తం
మార్గశిర మాసం

చిరంజీవి చెంగల్రాయుడికి,

నీ జాబు అందింది. నీకు ముఖం చూపించలేని పని చేశాం. నన్ను మన్నించు.

నిన్ను నలుగురిలో తలవంచుకునేలా చేయాలని మాకు లేదు. వచ్చినవాళ్లనందరినీ మా అరుగు మీద కూర్చోబెట్టి ఒక్కొక్కరినే అడిగాను. ఆడవాళ్లను మీ అక్క అడిగింది. ఎవరూ కొట్టలేదని అమ్మవారి మీద ఒట్టు వేశారు. అంతమందిలో ఒట్టు వేయనివాణ్ణి నేనొక్కణ్ణే. వాడు మలుపు తిరిగి వస్తుంటే నాకు ఒళ్లు తెలియలేదు రాయుడూ. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో కూడా తెలియలేదు. ఆ సంబరంలో నా చేతులు పాత పద్ధతిలో పడి ఉంటాయి. నేనే అయి ఉంటాను. కన్న కొడుకును దారం దగ్గర ఆపేసిన తండ్రిని నేనే.

నువ్వు నవ్వులు విన్నావు కదా, మేం వాటి మధ్యలోనుంచి నడిచి వచ్చాం. కాట్పాడిలో రైలు కోసం కూర్చున్నప్పుడు పందెం చూసి వస్తున్న కుర్రాళ్లు కొందరు తిరువేంగడం ముందు ఒంటికాలి మీద నిలబడి చూపించారు. వాడు తల ఎత్తలేదు. మీ అక్క పెద్దగా కసిరింది. నేను కసరలేదు, నాకు ఆ హక్కు లేదనిపించింది.

వచ్చిన రోజు నుంచి వాడు అవసరమైన మాట తప్ప మాట్లాడడు. నా మీద కోపమా అని అడిగితే, "నీ మీద ఎందుకు నాయనా?" అంటాడు. అంతకు మించి చెప్పడు. మగ్గం మీది ఆ చీర కోసి, మడిచి, అటక మీద పెట్టేశాడు.

మేం మైదానంలో ఉండగా పందిట్లో నువ్వు కనిపించావు. తెల్ల తలపాగా, నల్ల కోటు, ఎంత బాగున్నావో అని మీ అక్కకు చూపించాను. చెయ్యి ఊపాను కూడా. ఎండ కంట్లో పడి నువ్వు చూసి ఉండవు.

పెళ్లి సంగతి నీ ఇష్టం. మేం అడగం.

సుబ్బరాయులు


వేలూరు
పుష్య మాసం

బావగారికి,

జరిగింది జరిగిపోయింది. మీరు అంతగా బాధపడవద్దు. సంబరంలో చేతులు ఎవరి మాటా వినవు.

శివప్రకాశం వాళ్లు తాంబూలాలు పుచ్చుకోవడానికి మంచి రోజు చూస్తున్నారు. నేను ఇంకా ఏమీ అనలేదు. అక్కకు నా నమస్కారం.

చెంగల్రాయుడు


గుడియాత్తం
పుష్య మాసం

చెంగల్రాయుడికి,

ఈ జాబు ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు రోజులు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను.

మొన్న పొద్దున వీధిలో పడుగు సాగదీశాం. తిరువేంగడం కుంచె పట్టాడు. నడుమ ఒక పోగు తెగింది, అవతలి కొసన ఉన్న మునియప్పన్ రెండు చప్పట్లు కొట్టాడు. వీడు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగి, తల మాత్రం చప్పుడు వచ్చిన వైపు తిప్పాడు. పక్కన గంజి కుండ పట్టుకుని మీ అక్క ఉంది. చూసి, "అబ్బోడా, ఆ దినం గూడా నువ్వు తల తిప్పినావు. మా దిక్కు గాదు. ఆ పక్కకు తిప్పినావు," అంది. వాడు తల తిప్పుకుని కుంచె సర్దుకోబోయాడు. మీ అక్క సంగతి నీకు తెలుసు, కుండ కింద పెట్టి వాడి చెయ్యి పట్టుకుంది. "యాడి నుంచి వచ్చినాయిరా చప్పట్లు?" అని నిలదీసింది.

తెగిన పోగు వైపే చూస్తూ, "పందిరి కాడ నుంచి," అన్నాడు.

పందిట్లో దొరలు ఉన్నారు, వకీళ్లు ఉన్నారు. చేతులు గుల్ల చేసి రెండే కొట్టి ఆపడం తెలిసినవాడు ఆ పందిట్లో ఒక్కడే. మీ అక్క వాడి చెయ్యి వదిలేసింది. అరుగు మీద కూలబడింది.

నీ మీద వాడికి కోపం లేదు. అది నీకు తెలియాలనే రాస్తున్నాను. "మొదటి దినమే ఎందుకు చెప్పలేదురా?" అని అడిగితే ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాస్తాను. "మామకి తెల్ల దారం కనపడినాది నాయనా. అడ్డంగా సాగి ఉండాది, దాని మీదికి ఎవడో పరిగెత్తతా ఉండాడు. ఎవరిదో పడుగు తెగిపోతాదని చేతులు వాటికవే కొట్టినాయి. నాకూ ఆ చప్పుడు ఇనంగానే అది పడుగు మాదిరే కనపడినాది. మామ నలుగురిలో కూచోనుండాడు. ఆయన పేరు ఎట్ల చెప్పేది?" ఇదీ వాడి మాట.

చేతులు పాత పని చేయడం తప్పు కాదు రాయుడూ. నిజం చెబితే, ఇన్నేళ్లు కోటు తొడిగినా నీ చేతులు మమ్మల్ని మరువలేదని నాకు లోపల సంతోషం కూడా కలిగింది. కానీ నేను తప్పు నాదని రాసినప్పుడు నువ్వు చదివావు. కన్న కొడుకును నేనే ఆపానని రాసినప్పుడు చదివావు. చదివి, "సంబరంలో చేతులు ఎవరి మాటా వినవు" అని నన్ను ఓదార్చావు. నెల రోజులుగా నేను నా కొడుకు ముఖం చూడలేక గోడవైపు తిరిగి తింటున్నాను. అది నీకు తెలిసి కూడా ఊరుకున్నావు. ఆ ఓదార్పు జాబు మీ అక్క పొయ్యిలో పెట్టేసింది.

ఇక నువ్వు జవాబు రాయకపోయినా సరే.

సుబ్బరాయులు


వేలూరు
పుష్య మాసం

బావా,

జవాబు రాయకపోయినా సరే అన్నారు. రాయకుండా ఉండగలిగితే ఇంతకుముందులాగే ఉండిపోయేవాణ్ణి.

చప్పట్లు నావే. కొట్టిన క్షణానే నాకు తెలుసు. అరచేతుల్లో ఆ గుల్ల గాలి తగిలింది, వాడు ఆగాడు. నా చేతులు కోటు జేబుల్లో దాచుకున్నాను. వకీలు గారు వెనక్కి తిరిగి, "ఎవరయ్యా ఆ కుర్రవాడు?" అని నన్నే అడిగారు. "ఎవరో గుడియాత్తం వాడట సార్," అన్నాను. అందరూ నవ్వుతుంటే నేనూ నవ్వాను బావా. మీరు చెయ్యి ఊపడం చూశాను. నా కంట్లో ఎండ పడలేదు, మాకు పందిరి నీడ ఉంది.

తిరువేంగడం చెప్పినట్టు దారం చూసే కొట్టానని మీకు రాసి తప్పించుకుందామనుకున్నాను. అది నిజమే కావచ్చు. ఆ తెల్ల దారం గాలికి ఊగుతుంటే నాకు నిజంగానే మన వీధి కనిపించింది. కానీ పూర్తి సంగతి అది కాదు. వాడు మలుపు తిరిగి ముందుకు వస్తున్నప్పుడు పక్కనున్న మా మామగారు, "అరే, వీడు గెలిచేస్తాడే!" అన్నారు. గెలిస్తే లేచి నిలబడాలి, వీడు నా మేనల్లుడని చెప్పాలి, మిమ్మల్నందరినీ వెంటపెట్టుకుని పందిట్లోకి రావాలి. మాటైతే ఇచ్చాను కానీ దానికి నాకు ధైర్యం లేదని అప్పుడే తెలిసింది. ఆ వెంటనే చేతులు కొట్టాయి. దారం చూసి కొట్టాయో, నా పిరికితనం చూసి కొట్టాయో నాకు తెలియదు. ఎన్నిసార్లు తలుచుకున్నా ఏది ముందో తేలడం లేదు. వాడు మంచివాడు కాబట్టి మంచిదే ఎంచుకున్నాడు. నాకు ఆ మంచి పేరు వద్దు.

ఇంకొక సంగతి. ఆ రోజు అమరావతి పందిట్లో ఆడవాళ్ల వైపు, నాకు ఒక వారగా వెనుక కూర్చుంది. ఆనాటి నుంచి నాతో మాట తగ్గించింది. పందెం పోయిన బాధ అనుకున్నాను. నిన్న మీ జాబు చేతిలో పెట్టుకుని కూర్చుంటే, మంచినీళ్లు తెచ్చిపెట్టి, "గుడియాత్తం మామ కనిపెట్టినారా?" అంది. దానికి నా చేతులు కనిపించాయట. నెల రోజులుగా నేనే చెబుతానని చూస్తోందట. "నువ్వు చెప్పింటే శివప్రకాశానికైనా తల వంచేదాన్ని నాయనా. ఇప్పుడు వంచను," అంది. నా బిడ్డ ముందు నేను చిన్నవాణ్ణయిపోయాను.

శివప్రకాశం వాళ్లకు లేదని చెప్పేశాను. వకీలు గారి దగ్గరికి వెళ్లి, ఆ రోజు ఆగిపోయినవాడు నా అక్క కొడుకని, నేనూ నేతవాణ్ణేనని చెప్పాను. ఆయన ఏదో రాసుకుంటూ "అలాగా" అన్నారు, అంతే. ఆ ఒక్క "అలాగా" కోసం నేను ఇంతమందిని నవ్వులపాలు చేశాను.

పిల్లను ఇస్తానని ఇప్పుడు నేను అనలేను. మీరు పుచ్చుకుంటారా అని అడగాలి. అంతకన్నా ముందు మన వీధివాళ్లందరి ఎదుట మీ మీద పడిన మాట తీసివేయాలి. వాళ్లంతా ఒట్లు వేశారు, మీరొక్కరే వేయలేదు. ఎలా రావాలో, ఏ ముఖంతో ఆ వీధిలో అడుగు పెట్టాలో తెలియడం లేదు. అక్కను అడిగి చెప్పండి.

మీ
చెంగల్రాయుడు


గుడియాత్తం
పుష్య మాసం

తమ్ముడికి అక్క కుప్పమ్మ చెప్పేది. మీ బావ రాస్తా ఉండాడు. నేను చెప్పింది చెప్పినట్లే రాయమన్నాను, దిద్దొద్దని ఒట్టు పెట్టినాను.

నీ జాబు రెండు తూర్లు ఇన్నాను. మొదటి తూరి నిన్ను కొట్టాలనిపించింది. రెండో తూరి ఏడుపొచ్చింది. నువ్వు నవ్వినావని రాసినావే, ఆ మాట మాత్రం మీ బావను మళ్లీ చదవొద్దన్నాను. మా అబ్బోడు దాన్ని ఇనలేదు, ఇననియ్యను. అది నాకూ నీకూ మధ్యనే ఉండనీ.

ఏ ముఖంతో రావాలని అడిగినావు. నీకు ఉండేది ఒకటే ముఖం గదరా, దాంతోనే రా. అమ్మిని తోడుకొని రా. కోటు తొడుక్కొనే రా, అది నీకు బాగుంటాది.

వచ్చే శుక్రవారం తెల్లారి మన వీధిలో పెద్ద పడుగు సాగదీస్తారు. అబ్బోడు కుంచె పడతాడు. వీధి జనమంతా అరుగుల మీదే ఉంటారు. నువ్వు బండి దిగి వీధి మొగలో నిలబడుకో. నోరు పెగలదని నాకు తెలుసు, చిన్నప్పటి నుంచీ నీకు తప్పు చేస్తే నోరు పెగలదు. పెగలకపోతే పరవాలేదు. నాయన నేర్పిన రెండు చప్పట్లు కొట్టు. అందరూ ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోతారు.

ఆగినాక చెప్పు.